నాలుగు వేళ్ళ ఖాళీ

నిండుకుండ తొణకదని చెప్పినోళ్ళు
ఒక్కసారైనా బోటుకి డీజిలు పోసి ఉండరు.

జువ్వలదిన్నె రేవులో తెల్లారి నాలుగున్నర.
తిరువెంగళం గరాటులోకి క్యాను వంచుతాడు.
నేను అంచు చెక్క మీద బోర్లా పడుకొని
గాలిగొట్టానికి చెవి ఆనిస్తాను.
బొటనవేలంత ఇత్తడి మెడ, నీళ్ళకేసి వంగి ఉంటుంది.
డీజిలు దిగేకొద్దీ
ట్యాంకులో ఉన్న గాలి దాంట్లోంచే బయటికి రావాల.

ఆయనకి వినపడదు.
ఇరవై రెండేళ్ళు పక్కన కూర్చోబెట్టుకున్నందుకు
ఇంజిను కూలి అడిగింది,
రెండు చెవులూ పట్టుకుపోయింది.
అందుకని ఈ పని నాది.

మొదట్లో ఎద్దు నిట్టూర్చినట్టు వస్తుంది, లావుగా, తీరిగ్గా.
మూడో క్యానుకి గొంతు సన్నబడుతుంది.
నాలుగోది సగం వంగినాక
పాలు పొంగబోయే ముందు గిన్నెలో గుసగుస ఉంటుందే,
అదీ.
అప్పుడు చెయ్యి ఎత్తాల.
ఇంకొక్క గుక్క పడనిస్తే
ముందు నురగ ఉమ్ముతుంది, వెనకే డీజిలు.

పోయిన కార్తీకంలో ఎత్తలేదు.
జెట్టీ మీద పామంజి సుబ్బులు
పీతల లెక్కలో నాకు ఎనభై రూపాయలు ఎగ్గొడుతుంటే
నా చెవి అటు పోయింది.
రెండు లీటర్లు. అంతకన్నా ఎక్కువ కాదు.
నీళ్ళ మీద నెమలి మెడ రంగులు పరుచుకున్నాయి.
చూడ్డానికి బాగున్నాయి కూడా, ఆ మాట అబద్ధమాడను.
పోటు తిరిగేసరికి ఆ రంగులు నేరుగా
సుబ్బులు పీతల గంపలు దించిన చోటికే పోయినాయి.

ఆమె తిట్టలేదు.
గంప ఎత్తి వాసన చూసింది.
నా మొహంకేసి చూసింది.
మళ్ళీ నీళ్ళలో దించలేదు.
ఎనభై రూపాయల మాట నేనింక ఎత్తలేదు.

ఆ రాత్రి తిరువెంగళం నీళ్ళసీసా ఒకటి సగానికి కోసి
అడుగున పాత లుంగీ పేలిక కుక్కి
గొట్టం కింద వేలాడగట్టినాడు, గాలికి సందు వదిలి.
నేను ఆయన అరచెయ్యి తెచ్చి గొట్టం మూతి దగ్గర పెట్టి ఊదినాను.
"ఇట్టా తెలస్తా ఉందా?"
పెదాలు చూసి తల ఊపినాడు.

ఇప్పుడు పడుకునేది ఆయన, పోసేది నేను.
క్యాను బరువుకి నా నడుము పీకుతుంది,
ధార సన్నంగా, ఆగి ఆగి పడుతుంది.
అదే మంచిదైంది.
అరచేతిలో ఊపిరి చల్లబడి, తడితడిగా తగిలితే
ఆయనే "ఆపు" అంటాడు,
తన గొంతు తనకి వినపడనోళ్ళు అరిచినట్టు,
రేవు రేవంతా తిరిగి చూసేట్టు.

కొలకర్ర మీద పైన నాలుగు వేళ్ళు ఎప్పుడూ పొడిగానే ఉండాల.
"ట్యాంకు నిండలేదే," అంటాడు బోటు షావుకారు.
ఎండ ఉంది గదయ్యా, అంటాను,
పొద్దెక్కితే డీజిలూ ఒళ్ళు విరుచుకుంటుంది,
దానికీ కాస్త చోటుండాల.

సుబ్బులు ఈ మధ్య మళ్ళీ గంపలు దించుతా ఉంది.
పోయిన నెల మా బోటుకి పది బారల అవతల.
నిన్న చూస్తే, ఆరు.