చివరి మడి

మూడు లీటర్ల సెలైన్ పోయింది.
అయినా బీపీ అరవై బై నలభై.
హన్మకొండ చౌరస్తా నుంచి ఆఖరి బస్సు హారన్
ఐసీయూ అద్దానికి తగిలి వెనక్కి పోయింది.
ఐదో నంబరు బెడ్డు, నీరటి ఓదెలు, అరవై రెండేళ్లు.
నర్సంపేట దాటి, పాకాల కాలువ కింద ఊరు.
కాలి పుండు చీము రక్తంలోకి ఎక్కింది.

ఒంట్లో నీళ్లు లేక కాదు.
తూములన్నీ ఒక్కసారే బార్లా తెరుచుకుంటే
నిండిన చెరువుకైనా ఊపు ఎక్కడిది?
ఆయన అరచేతులు వెచ్చగా, ఎర్రగా ఉన్నాయి,
ఇప్పుడే పార దించి వచ్చినట్టు.
ఆ వెచ్చదనమే నాకు భయం.

డాక్టర్ తబస్సుమ్ మెడ నరంలో లైను వేసింది.
యాభై ఎంఎల్ సిరంజిలో నార్ అడ్రినలిన్ కలిపి
లేబుల్ మీద టైము రాశాను, పది గంటల పది.
గంటకు మూడు. ఐదు. ఎనిమిది.
గోరు పెరిగినంత నెమ్మదిగా కదులుతుంది పంపు.
లోపల మాత్రం ఒక్కో నాళాన్నీ
పిడికిట పట్టి బిగిస్తుంది.
సగటు యాభై రెండు. యాభై ఎనిమిది.
అరవై ఐదు కావాలి మాకు.
అరవై ఐదంటే గుండెకింత, మెదడుకింత, కిడ్నీలకింత.
కాలివేళ్లకెంతో
నేను చదివిన పుస్తకంలో లేదు.

ఒంటిగంటకు పన్నెండు.
రెండో మందు కూడా మొదలుపెట్టాం.
అప్పటికి కుడికాలి వేళ్లు
పండీ పండని నేరేడు రంగు.

నాలుగింటికి సిరంజి మార్చాలి.
రక్తంలో ఈ మందు బతికేది రెండు నిమిషాలే.
కొత్త పంపు నడిచాకే పాతది ఆపాలి.
తెలుసు. పదకొండేళ్లుగా తెలుసు.
అయినా ఆ సందులో సగటు నలభై ఒకటికి జారింది.
నా నోట్లో తడి ఆరింది.
మళ్లీ యాభై అయ్యేదాకా
అలారం ఆపడానికి కూడా చెయ్యి రాలేదు.

రాజవ్వను ఐదు నిమిషాలు లోపలికి రానిచ్చాం.
ముఖం చూడలేదు, నేరుగా కాళ్ల దగ్గరికి పోయింది.
"వేళ్లు గిట్లెందుకు నల్లవడ్డయి బిడ్డా?"
ఎట్లా చెప్పను?
"ప్రాణానికి రక్తం చాలాలని
వేళ్లకు పోయేది తగ్గించినం అమ్మా."
తిడుతుందనుకున్నాను.
కొంగు సర్దుకుని చాలాసేపు ఊరుకుంది.
"కాలం కాని ఏడు గీనె గట్లనే జేసిండు.
ఎగువన వరి పొట్టకొచ్చింది,
చివరి మడికి నీళ్లు బంద్ వెట్టిండు.
నెల రోజులు నేను ఆయినతోని మాట్లాడలె."
"ఎందుకు?"
"ఆ మడి మాదే గద."

దుప్పటి లాగి వేళ్ల మీద కప్పి
చెప్పులు చేత పట్టుకుని బయటికి పోయింది.

రాత్రంతా ఒకే గడిలో సున్నా, సున్నా, నాలుగు.
ఐదూ నలభైకి మూత్రం గొట్టంలో
డికాషన్ రంగు చుక్క ఒకటి వంపు తిరిగింది.
దాని వెనక ఇంకోటి.
నేల మీద మోకాళ్లు ఆనించి గీతలు లెక్కపెట్టాను, ఇరవై రెండు.
ఎవరికైనా చెప్పాలనిపించింది.
ఎదురుగా స్వీపర్ బాలమణి ఉంటే ఆమెకే చెప్పాను.
"మంచిదే గద సిస్టరూ," అని బకెట్ జరిపింది.

పన్నెండును పదకొండున్నర చేశాను.
చెయ్యి పంపు మీదనే ఉంచి ఆగాను.
అరవై ఆరు.

డ్యూటీ పుస్తకంలో అన్నీ రాసి
చివర ఒక వరుస:
కుడికాలు, చిటికెన వేలు.
గంటగంటకూ దుప్పటి తీసి చూడాలి.