నువ్వుగింజంత ఎత్తు

నాలుగూ పదికి ముల్లు కదిలింది.
మొదట నమ్మలేదు నేను.
ఉప్పల్ స్టేడియంలో ఎవడో సిక్సర్ కొట్టి
జనమంతా ఒక్కసారి ఎగిరినా
ఇలాగే గీస్తుంది ఇది.
కానీ ఈ రాత్రి మ్యాచ్ లేదు,
గణేశుడి లారీలు లేవు,
మెట్రో కూడా పడుకుంది.

భూమి అవతలి చెంప మీద
సముద్రం కింద ఎక్కడో పలక విరిగి
అప్పటికే ఇరవై నిమిషాలు.
ఆ ఇరవై నిమిషాల్లో అది
రాయిని నొక్కుతూ, వదులుతూ,
లోపలి కరిగిన ఇనుములో పడి, వంగి, తేలి,
మళ్ళీ రాయెక్కి వచ్చి
హబ్సిగూడ బండ కింద తట్టింది.
కోఠీలో ఎక్కితే నా బస్సు
అంతసేపట్లో అంబర్‌పేట దాటదు.

రెండోది రాదు.
అడ్డంగా ఊగుతూ నడిచే అల అది.
పట్టుకోడానికి గట్టి రాయి కావాలి దానికి,
ద్రవంలో కాలు ఆనదు.
తెలిసీ చూస్తూ కూర్చున్నాను,
చివరి బస్సు వెళ్ళిపోయాక
స్టాపులో నిలబడ్డట్టు.

జహీరుద్దీన్ సాబ్ ఉంటే
ఈపాటికి చాయ్ పెట్టేవాడు.
డ్రమ్ముకి మసికాగితం చుట్టిన కాలం మనిషి,
రిటైరై పదేళ్ళయినా
గోళ్ళ సందుల్లో ఆ నలుపు పోలేదు.
"రెండూ వస్తే దూరం చెప్తది బిడ్డా,
మెరుపుకీ ఉరుముకీ నడుమ లెక్కపెట్టినట్టు.
ఒక్కటే వస్తే
నడుమ ఏమున్నదో చెప్తది."

అక్కడ ఏం కూలిందో మాత్రం
ఏదీ చెప్పదు.
ఒక గోడ, ఒక బీరువా, ఎవరి నిద్రో.
ఇక్కడికి చేరేసరికి ఒక అంకె.
రాశాను, కొట్టేశాను, మళ్ళీ అదే రాశాను.

ఐదు దాటాక పైపై అలలు మొదలయ్యాయి.
ఇవి అడ్డదారి ఎరగవు,
భూమి చర్మం పట్టుకుని
చుట్టూ తిరిగి వస్తాయి,
ఆలస్యంగా, బరువుగా,
ఒక్కో ఊపూ ఇరవై సెకన్లు.

కిటికీ తెరిచాను.
నాచారం, తార్నాక, అవతల మౌలాలి గుట్ట
అన్నీ కలిసి లేస్తున్నాయి
నువ్వుగింజంత ఎత్తు,
కలిసే దిగుతున్నాయి.
కూడలిలో పాల ట్రేలు దించే కుర్రాడు
ఒక్క ప్యాకెట్టూ జారనివ్వలేదు.
ఆటోలోంచి కాళ్ళు బయటపెట్టి
ఒకడు నిద్రపోతూనే ఉన్నాడు.

సాబ్‌కి ఫోన్ చేద్దామనుకున్నాను.
ఫజర్ వేళ.
ఇప్పుడాయన
నుదురు నేలకి ఆనించి ఉంటాడు.