బొగ్గుపులుసు వాయువు

ముప్పై ఒక్క ఏళ్లు ఒస్ట్రావా గనుల్లో
గాలి చచ్చిన సొరంగాల్లోంచి
మనుషుల్ని మోసుకొచ్చాను,
వీపున సిలిండరు, నడుముకి తాడు.
బొగ్గుపులుసు వాయువు నాకు పాత పగ.
బరువైంది. నేలబారుగా పాకి,
మోకాళ్ల మీద కూలబడ్డవాణ్ణి ముందు పట్టుకుంటుంది.

ఇప్పుడు గనులు లేవు.
షిఫ్టు దిగినవాళ్లు మసి కడుక్కున్న హాల్లో
చాపలు పరిచారు.
బట్టలు పైకి లాగి కట్టుకున్న గొలుసులు
ఇంకా కప్పు నుంచి వేలాడుతూనే ఉన్నాయి.
శనివారం జనం వస్తారు,
గాలి పీల్చడానికి డబ్బు కట్టి.
"ఊపిరి కూడా కొనుక్కుంటున్నారా?" అని
మా క్వ్యేతా ఒకటే నవ్వు.

నన్ను పిలిచింది డాక్టర్ హెడ్వికా.
"ఊపిరి పోయేటప్పుడు మొహం ఎలా ఉంటుందో
నీకు తెలుసు. పక్కన కూర్చో, చాలు."

డప్పు మొదలవుతుంది.
పొట్టలు కొలిమి తిత్తుల్లా లేచి పడతాయి.
కాసేపటికి పెదాలకు తిమ్మిరి,
ఆ తర్వాత వేళ్లు ఒకదానికొకటి అంటుకుపోయి
మంత్రసాని చెయ్యిలా ముడుచుకుంటాయి.
ఒకడు ఏడుస్తాడు. ఒకామె
తను పుట్టకముందు పోయిన అమ్మమ్మతో మాట్లాడుతుంది.

మొదటి రోజు నేను కంగారుపడి లేస్తే
హెడ్వికా సుద్దముక్కతో గోడ మీద గీసింది:
నెత్తురులో ప్రాణవాయువు ముందే నిండుకుండ,
ఎంత పీల్చినా కొత్తగా చేరేది కొంచెమే.
తగ్గిపోయేది నీ పాత పగవాడు.
వాడు తగ్గితే మెదడులో నాళాలు బిగుసుకుంటాయి.
ఎర్రకణాలు పిసినారులై
చేతిలో ఉన్నది జారనివ్వవు.
గాదె నిండా గింజలు, ఇంట్లో పస్తు.
ఆ పస్తులోనే అమ్మమ్మలు వస్తారు.
"అమ్మమ్మే ఎందుకు వస్తుంది?" అన్నాను.
"తెలీదు" అంది.
తెలీదన్న డాక్టర్ని నేను నమ్ముతాను.

ఇంకో మాట గోడ మీద చెరపకుండా ఉంచింది:
నీళ్లలో వద్దు. కొలనులో వద్దు, తొట్టిలో వద్దు.
ఊపిరి కావాలని లోపల గంట కొట్టేది
ప్రాణవాయువు కాదు, బొగ్గుపులుసు.
దాన్ని ఊదేసుకుని మునిగినవాడికి గంట ఆలస్యమవుతుంది.
వాడికి భయం కూడా వెయ్యదు.
మాతో పనిచేసిన ద్రాహోష్ కొడుకు సంగతి నేను చెప్పను.
ద్రాహోష్ ఇంట్లో తొట్టి ఊడబెరికించాడు, అంతే.

నిరుడు మార్చిలో జ్దిస్లావా వచ్చింది,
రొట్టెల బట్టీలో పనిచేసే పిల్ల,
చొక్కా చేతుల మీద పిండి.
కాగితం నింపింది: గుండెజబ్బు లేదు, గర్భం లేదు,
కంట్లో ఒత్తిడి లేదు, ఏడో ప్రశ్న, మూర్ఛ: లేదు.
చాప దాకా వెళ్లి, చెప్పులు విప్పి,
మళ్లీ తొడుక్కుని నా దగ్గరికొచ్చింది.
"తొమ్మిదేళ్లప్పుడు రెండుసార్లు. అది లెక్కా?"

లెక్కే అన్నాను.
డబ్బు తిరిగిచ్చేస్తే తీసుకోలేదు.
పోనూ లేదు.
గోడకి ఆనుకుని కమలాపండు ఒలుస్తూ,
తొనలు తినకుండా పేరుస్తూ,
నన్ను తిడుతున్నట్టే చూసింది.

నలభయ్యో నిమిషమప్పుడు
నేను ఆ మూల ఎవరికో దుప్పటి కప్పుతుంటే
ఈ మూల ఓ పెద్దాయన చేతులు కొయ్యబారాయి,
కళ్లలో భయం.
జ్దిస్లావా ఆయన పక్కన చతికిలబడి
తన ఊపిరి ఆయనకు వినిపించేలా వదిలింది,
పొడుగ్గా, వేడి రొట్టె మీద ఊదినట్టు.
మళ్లీ. ఇంకోసారి.
ఆయన అందుకున్నాడు.
ఒక్కో వేలూ విడివడింది.

పైన గొలుసొకటి కదిలింది,
కిటికీ తెరిచింది ఎవరో.
ఆ పిల్ల నా వైపు చూడకుండానే
కమలా తొన ఒకటి చాచింది.
పుల్లగా ఉంది. తిన్నాను.