ఒక్క మైకు

ఒక్క మైకు చాలన్నాడు దస్తగిరి.
తబలా లేదు, శ్రుతిపెట్టె లేదు.
బ్రాడీపేట హాల్లో అరవై కుర్చీలేస్తే
ఇరవై రెండు నిండాయి.

మెట్ల కింద కూర్చుని
చీలిన బొటనగోరుకి ఫెవిక్విక్ రాస్తున్నాడు.
"యార్డులో టిక్కీలు మోసే చెయ్యన్నా, గోరు నిలవదు."

మొదటి దెబ్బ తీగ మీద కాదు, చెక్క మీద.
ఆపైన వేళ్లన్నీ ఒక్కసారే విచ్చుకుని
ఎండుమిరప కల్లంలో కాలు పడ్డట్టు
గలగల.

స్పెయిన్‌లో ఎవరి గుండెకోతో అది,
పన్నెండు లెక్కలో తిరుగుతుందట.
ముందు వరుసలో మృదంగం మాస్టారు
తొడ మీద తాళమేస్తూ ఎనిమిదికి ఆగిపోయాడు.
పాట ఇంకో నాలుగడుగులు వెళ్లింది.
చెయ్యెత్తి చూసుకుని
మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టాడు.

అప్పుడు, ఆ గాంధారం దగ్గర
తీగని పక్కకి లాగి వణికించాడు చూడండీ,
తోడి!
పాతికేళ్లు కచేరీలకి మైకులు కట్టిన చెవి నాది, పొరబడదు.
వాళ్ల తాత మస్తాన్ సాయిబు
తెల్లారుజామున గుడి ముందు
బుగ్గలు పూరించి ఊదిన తోడి.
ఊపిరి పోయింది,
వేలికెలా దొరికిందో.

చివరి దెబ్బకి గోరు ఊడి
మైకు కింద పడింది.
ఆ చిన్న చప్పుడూ హాలంతా వినపడింది.
నేను వాల్యూమ్ తగ్గించలేదు.