ఎడమ బొంగురు

మూడు రోజులుగా ఎడమ స్పీకరుకి గొంతు పట్టేసింది.
కుడివైపు వీణ వీణలాగే ఉంది.
ఎడమవైపు అదే వీణ
రేకు మీద ఇసుక పోసినట్టు.

ముందు అనుమానం నా మీదే.
షిప్‌యార్డులో ఇరవై రెండేళ్లు
ఓడ పొట్టలో చేరి తుప్పు కొట్టినవాణ్ణి,
సుత్తి మోత అంతా ఎడమ చెవే మోసింది.
చెవుల డాక్టరు గీసిచ్చిన కాగితం మీద
ఎడమవైపు గీత
యారాడ కొండ దిగే రోడ్డులా జారిపోయి ఉంటుంది.
అందుకే మొదటిరోజు ఎవరికీ చెప్పలేదు.

రెండోరోజు నూకరత్నం
చీపురు పట్టుకుని గుమ్మంలో ఆగి
“ఏటయినాదీ దీనికి? జలుబు సేసినట్టు పాడతంది” అంది.
ఆ మాటకి నాకు కలిగిన సంతోషం
ఆవిడకి ఇప్పటికీ అర్థం కాలేదు.

స్పీకరు తీగలు అటువి ఇటు మార్చాను.
బొంగురు గది దాటి
కుడిగోడ దగ్గరికెళ్లి కూర్చుంది.
స్పీకర్లు నిర్దోషులు.
పాట తెచ్చే తీగలు, ఎరుపు తెలుపు, మార్చి చూశాను.
ఈసారి కదల్లేదు.
అయితే దొంగ ఇంట్లోనే ఉన్నాడు.

పూర్ణా మార్కెట్ వెనక జిలానీ కొట్లో
తొమ్మిది వందలకి బేరమాడి తెచ్చిన ఆంప్లిఫయరు.
ప్లగ్గు పీకి, టీ తాగి,
పెద్ద కెపాసిటర్లని రెసిస్టరుతో ఖాళీ చేసి
(ఒకసారి చెయ్యి మర్చిపోలేని పాఠం చెప్పాయవి)
మూత తీశాను.

లోపల మా మల్కాపురమే ఉంది.
పోర్టు బొగ్గు నుసి వేలిమందం,
రాగి మీద సముద్రం పూసిన పచ్చటి ఉప్పు,
ట్రాన్స్‌ఫార్మరు పక్కన వెచ్చగా చచ్చిపోయిన బొద్దింక.

పెయింటు బ్రష్షుతో ఊడ్చి, మీటరు పెట్టాను.
ఎడమ ట్రాన్సిస్టర్లు, కుడి ట్రాన్సిస్టర్లు,
కవల పిల్లల్లా ఒకే అంకె చెప్పాయి.
అనుమానంగా కనిపించిన మూడు టాంకాలు మళ్లీ కరిగించాను.
నలభై రూపాయలు పెట్టి రెండు కెపాసిటర్లు మార్చాను,
పాపం, వాటి తప్పేం లేదు.
బొంగురు బొంగురుగానే ఉంది.

రాత్రి పదకొండు.
పక్కవాళ్లు తిడతారని వాల్యూమ్ తగ్గించినప్పుడు గమనించాను:
గట్టిగా పెడితే శుభ్రంగా పాడుతోంది,
మెల్లగా పెడితేనే నత్తి.
ఇది నాకు తెలిసిన జబ్బే.
మా ఇంట్లో అరిచిన మాటలన్నీ చేరతాయి,
మిగతావి దారిలో ఎక్కడో పోతాయి.

అప్పుడు చీపురుపుల్లతో ఒక్కొక్కదాన్నీ తట్టాను.
కెపాసిటరు, ఏమీ లేదు.
కాయిలు, ఏమీ లేదు.
స్విచ్చెయ్యగానే టక్కుమనే ఆ నల్లటి చిన్న డబ్బా,
రిలే, దాన్ని తట్టగానే
ఒక్క క్షణం
వీణ.

మూత ఊడదీస్తే
నువ్వుగింజంత వెండి చుక్క, మసి కమ్మి.
పెద్ద శబ్దం దాన్ని తోసుకుని పోగలదు.
చిన్నది గుమ్మంలోనే ఆగిపోతుంది.
ఎవరిదో పెళ్లి శుభలేఖ అంచు సన్నగా కత్తిరించి
స్పిరిట్‌లో ముంచి
రెండు చుక్కల మధ్య నిమ్మళంగా లాగాను.
తెల్ల కాగితం నల్లగా వచ్చింది. మళ్లీ లాగాను.
ఐదోసారికి కాస్త బూడిదరంగు.
ఇది ఎన్నాళ్లో నిలవదు, తెలుసు,
వచ్చే జీతానికి డాబాగార్డెన్స్ వెళ్లి కొత్త రిలే తేవాలి.

నిద్రపోతున్నదాన్ని లేపి మధ్యలో కూర్చోబెట్టాను.
వాల్యూమ్ గడియారంలో ఏడు దగ్గర పెట్టి
“ఎడమవైపు?” అని అడిగాను.
తల ఊపింది. ఏదో అంది కూడా.
నాకు ఎడమపక్కన కూర్చుని ఉంది.
తీగలు మార్చినట్టే
కుర్చీ తిప్పి కుడిచెవి ఇచ్చాను.

“ఇంకాస్త తగ్గించు,” అంటోంది,
“ఇనబడతాది.”