పది మీటర్ల గడి

నెలకోసారి మోటారు పడవలో వస్తుంది,
ఉప్పు బస్తాల మీద, మలేరియా మాత్రల డబ్బా పక్కన,
ప్లాస్టిక్ సంచిలో ముడివేసిన మెమరీ కార్డు.
గోరంత.
దెల్ఫీనా ఒచావానో వాళ్ళ అడవి మొత్తం
అందులోనే ఉంటుంది.

బొమ్మ ఉచితం.
ఎక్కడో పైన తిరిగే యంత్రం
ఐదు రోజులకోసారి ఉకయాలి మీదుగా పోతూ
నదినీ అడవినీ పట్నం రేకుల కప్పుల్నీ
ఒకే చూపుతో చూసి
అడిగినవాళ్ళకల్లా ఇచ్చేస్తుందట, నువ్వెవరని అడక్కుండా.
పడవకి పెట్రోలు మాత్రం ఉచితం కాదు.
ఫోను చార్జింగుకి, టీచరింటి సోలారు పలక దగ్గర,
గంటకి రెండు అరటి హస్తాలు.

డిసెంబరు నుంచి మార్చి దాకా
కార్డు తెరిస్తే మబ్బే,
ఉతికి ఆరేసిన దుప్పటిలా.
ఆ దుప్పటి కిందే రంపాలు నడుస్తాయని
కలప దొంగలకీ తెలుసు, దెల్ఫీనాకీ తెలుసు.
"మీ పైవాడి కంట్లో పువ్వేసిందే" అంది అమ్మమ్మ.

కుట్టుపని పక్కన పెట్టి
ఫోనుని చాచిన చేతి దూరంలో పట్టుకుని చూసిందామె.
"ఎవరు కుట్టారే ఇది? దారం మోటు.
ఒక్క గీతా వంపు తిరగలేదు."
ఒక్కో గడీ పది మీటర్లమ్మా, అంది మనవరాలు.
"పది మీటర్లా?
మా చిన్నప్పుడు లుపునా చెట్టు వేళ్ళే
అందులో పట్టేవి కావు."

ఏప్రిల్ కార్డులో ఎర్రచుక్కలు.
రెండు, గాలివానకి కూలిన చోట్లు, ఎరిగినవే.
మూడోది కొత్తది. మూడు గడులు.
తెరమీద బొటనవేలి కింద దాగిపోయే దూరం
ఒక రోజు తెడ్డు, ఒక రోజు నడక,
మోకాటి లోతు బురద,
ఇద్దరు తోడు, ఒక కత్తి, కర్రపెండలం రవ్వ సంచి.

ముందు వాసన తగిలింది.
తర్వాత మొద్దులు.
బూడిదలో వరసగా కోకో మొక్కలు,
ఒక్కోదానికీ నీడగా వంచి కట్టిన తాటాకు.
ఆ ముడి ఆమెకి తెలుసు.
ఆకుని అలా పురచేతి వాటంగా తిప్పి కట్టేది
ఊరు మొత్తానికీ ఒక్కడే,
తమ్ముడు ఎవెర్.
ఫిబ్రవరిలో వాడికి నెలతక్కువ బిడ్డ పుట్టింది.
ఆసుపత్రి అప్పు ఇంకా తీరలేదు.

తోడొచ్చినవాళ్ళు ఏమీ అనలేదు.
ఒకడు బూటు విప్పి నీళ్ళు వంపుకున్నాడు,
అవసరమైనదానికన్నా ఎక్కువసేపు.

ఫారంలో చిన్న గడి: కారణం.
గాలివాన అని రాయొచ్చు.
పైన రెండుసార్లు అదే రాసింది కదా, మూడోసారికి చెయ్యి అలవాటు పడే ఉంది.
నైరోబీలోనో బెర్లిన్‌లోనో నిద్రపట్టని ఎవరో
ఈ రాత్రి ఇదే ఎరుపుని తెరిచి చూస్తూ ఉండొచ్చు.
వాళ్ళకి ఎవెర్ కనపడడు.
ముడి కనపడదు.
అందరికీ తెరిచిన కిటికీ
తమ పెరటి వైపు కూడా తెరుచుకుంటుందని
శిక్షణ రోజున ఎవరూ చెప్పలేదు.

అడవి కాచిన వెన్నెల అంటాం మనం,
చూసేవాళ్ళు లేక వృథా అయినదాన్ని.
ఇప్పుడు చూసేవాళ్ళున్నారు.
వెన్నెల సంగతి సరే,
చూసినదాన్ని మోసుకుని
ఇంటికి నడవాల్సింది ఎవరు?

మంట వెలుగులో పెన్సిలు నోట్లో తడిచేసుకుని రాసింది:
కోకో. నలభై రెండు మొక్కలు.
నాటినవాడు మావాడే. ఊరి సభలో మాట్లాడతాం.
"మావాడే" కొట్టేసింది.
కాసేపయ్యాక మళ్ళీ రాసింది.

రేవులో ఎవెరే ఎదురొచ్చాడు,
నడుము లోతు నీళ్ళలో దిగి పడవ ముక్కు పట్టుకున్నాడు.
"ఎంత కనపడింది?"
"పైనుంచి మూడు గడులు."
"మరి కిందనుంచి?"

తాడు వాడి చేతికిచ్చింది.
వాడు దాన్ని మేకుకి చుట్టి
ఎడమచేత్తో ముడివేస్తుంటే
చూస్తూ నిలబడింది.