పదకొండో అధస్సూచిక

విజయనగరం లైబ్రరీలో
ఫ్యానుగాలికి ఎగరకుండా
జెరాక్సుల మీద టిఫిను డబ్బా పెట్టాను.
జముకు మీద ఏడు వ్యాసాలు.
ఏడింట్లోనూ ఒకే మాట:
"ఈ వాద్యం శ్రుతి సహజంగా మంద్రం.
శోకానికి మిక్కిలి అనువు."
ఏడుగురు పెద్దలు చెప్పాక ఇంకేముంది,
నీలం పెన్నుతో గీత గీసేశాను.

మధ్యాహ్నం కరెంటు పోయింది.
ఏం తోచక
అధస్సూచికల మెట్లు దిగాను.
ఏడో వ్యాసం ఆరోదాన్ని చూడమంది,
ఆరోది మూడోదాన్ని.
మూడోది "పైన చెప్పినట్లు" అంది.
పైన ఎవరూ ఏమీ చెప్పలేదు.

అట్టడుగున ఒక పాత సావనీరు,
చెదలు వదిలిన పేజీ, పదకొండో అధస్సూచిక:
"రచయిత స్వయంగా విన్నది. శ్రావణం. రాజాం దగ్గర."
ఊరి పేరు లేదు
వాయించినవాడి పేరు లేదు
నరం దేనిదో లేదు.
శ్రావణం మాత్రం ఉంది.

దాన్నే పట్టుకుని బయల్దేరాను.
రెండు ఆటోలు, "మాది కాదు, అవతల" అన్న మూడు ఊళ్ళు.
నాలుగో ఊళ్ళో గోగునార ఆరేస్తూ దాలమ్మ.
ఒకప్పుడు వంత పాడిన గొంతు, ఇప్పుడు సగం దగ్గు.
వ్యాసం చదివి వినిపిస్తే
నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఆ బాబు ఒచ్చిన్నాడు ముసురమ్మా.
తోలు నానిపోయి కూలబడిపోనాది.
సెగ సూపిద్దారంటే పొయ్యిలో కర్రలూ తడే.
బస్సెలిపోతాదని ఆ బాబుకి ఒకటే తొందర.
మా మావ అలాగే వాయించీసినాడు.
ఏడుపులాగుంది, బాగుందనీసి
రాసుకుని ఎలిపోనాడు.
ఎండలో ఇనాల తల్లీ,
మా జముకు గోడ మీద పిల్లిని దించీసేది!"

ఏడు వ్యాసాల కింద
తడిసిన ఒక్క తోలు.

"ముసలావిడ మాట రిఫరెన్సు ఎలా అవుతుందమ్మా,
అచ్చులో ఉందా?" అన్నారు గైడుగారు.
అచ్చులో ఉన్నది ముసురు సార్,
అన్నాను, మెట్లు దిగిపోయాక.

రాత్రి నా అధస్సూచిక రాసుకున్నాను:
చెప్పినది దాలమ్మ, వంత. వయసు తనకే తెలీదు.
వాయించినది మనవడు పోలినాయుడు.
వాడికి సరిగ్గా రాదని ఆవిడే చెప్పింది.
కార్తీకం. ఎండ బాగా ఉంది. తోలు కొత్తది.
నరం దొరకలేదు,
బదులు సైకిలు బ్రేకు తీగ.
పిల్లి ఉంది. దిగలేదు.

సగం పేజీ మింగేసింది.
ఉండనీ.